పేరు రాయకముందే

కొవిల్యాలో ఉన్ని మిల్లులు మూతపడ్డాక
మూడో అంతస్తులో రెండు గదులు మాకు అద్దెకిచ్చారు.
చెక్కనేల సందుల్లో నీలం ఉన్ని ఇంకా ఉంది:
చీపురుకి రాదు,
తలపిన్నుతో లాగితే వస్తుంది.

బల్ల మీద మూడు కంప్యూటర్లు.
పోగు కావాలంటే
ఒక్కోదాన్నీ ఒక్కోలా బతిమాలాలి.
లినక్స్ అడిగీ అడక్కముందే ఇచ్చేస్తుంది.
విండోస్ చేతిలో ఒక చీటీ పెడుతుంది,
పనయ్యాక తిరిగివ్వకపోతే
ఏమీ అనదు, లోపల్లోపల బరువెక్కుతుంది.
ఏఐఎక్స్ మర్యాదస్థురాలు, అన్నీ రూలు ప్రకారం,
ఇచ్చే గది మాత్రం ఇరుకు,
నాలుగు మెట్లు దిగేసరికి నేల తగులుతుంది.

మా భాష చిన్నది.
దాని ఇంటర్‌ప్రెటర్ నిన్నటిదాకా ఒంటరి గుమాస్తా:
ఒక వాక్యం చదివి, చెప్పింది చేసి, తర్వాతది చదివే రకం.
ఇప్పుడు పదిమంది గుమాస్తాలు కావాలి,
కలం మాత్రం ఒక్కటే.
కలం ఉన్నవాళ్లు రాయాలి, లేనివాళ్లు ఆగాలి,
నూరు వాక్యాలకోసారి చెయ్యి మారాలి.
తాళం తియ్యాలి, వెయ్యాలి, మళ్లీ తియ్యాలి.
తాళం తప్పిందా, కచేరీ అంతా తప్పినట్టే.

ఫిబ్రవరిలో తప్పింది.
అదీ ఏఐఎక్స్ మీద, అదీ ఎప్పుడో ఒకసారి:
ఒక పోగు కళ్లు తెరిచి "నేనెవర్ని?" అంటుంది,
జవాబు సున్నా వస్తుంది,
అంతా కూలుతుంది.
ఎక్కడో పట్టుకుందామని
మధ్యలో ఒక ముక్క అచ్చువెయ్యమని రాశాను.
బుద్ధిమంతురాలైపోయింది.
నాలుగువేల సార్లు నడిపాను, ఒక్క తప్పు లేదు.
ఆ ముక్క తీసేశాను. పదకొండోసారికి కూలింది.
"చూస్తుంటే చెయ్యదు," అన్నాడు అదెలీనో,
"అచ్చం మా రెండోవాడే."
కోటు తొడుక్కుని ఇంటికి పోయాడు.

మూడో రాత్రి మా అమ్మ వచ్చింది,
గ్రసియెత్, డెబ్భై ఒక్కేళ్లు,
డబ్బాలో చెస్ట్‌నట్ సూపు.
ఈ మెట్లు తనకి నా కంటే బాగా తెలుసు,
పదమూడోది అరిగిందని దాటేసి ఎక్కుతుంది.
"ఇక్కడే నా మగ్గం," అంది ప్రింటర్‌ని చూపించి.
"తెగిన పోగులు అతికేదాన్ని. పదకొండేళ్లు నాకు.
ఆరింటికి మొదలుపెడితే
మేస్త్రీ రిజిస్టరు పట్టుకుని ఏడింటికొచ్చేవాడు.
పేరు రాసేదాకా నేను లేనట్టే కదా.
ఆ గంటలో ఎవరొచ్చి ఈ పిల్లెవరని అడిగినా
కాగితంలో ఏమీ ఉండేది కాదు.
కూలీ కూడా అంతే."

నేను చెంచా కింద పెట్టాను.

పోగుని పుట్టించేది ఒకరు.
పుట్టాక దాని పేరు పట్టికలో రాసేదీ వాళ్లే.
లినక్స్ మీద, మా అదృష్టం కొద్దీ,
రాయడం అయ్యాకే బిడ్డ కదిలేది.
ఇక్కడ అప్పుడప్పుడు
బిడ్డే ముందు పరుగెత్తింది.
తప్పు ఏఐఎక్స్‌ది కాదు.
ఎవరు ముందో
ఎవరూ ఎవరికీ మాటివ్వలేదు.
అదృష్టాన్ని నియమం అనుకున్నది నేను.

దిద్దింది రెండే వరుసలు.
పుట్టించేముందే తాళం వెయ్యి, పేరు రాశాక తియ్యి.
బిడ్డ గడప దగ్గర ఆగుతుంది,
చప్పుడు విని లోపలికొస్తుంది.
అమ్మకి చూపించాను.
"అయితే ఇప్పుడు పేరెక్కేదాకా పని మొదలవదు."
"అవదు."
"మంచిది," అంది. "మరి నా గంట?"
నా దగ్గర జవాబు లేదు. సూపు తాగాను, చల్లారిపోయింది.

తెల్లారాక ఇంకో పని మిగిలింది.
గ్వార్దాలో ఒక బడి మాస్టారు
పాత డాస్ డబ్బా మీద మా భాష నేర్పుతాడు.
దానికి పోగులన్న మాటే తెలీదు.
ఆయన కోసం నాలుగో ఫైలు రాశాను.
తాళం వెయ్యి: ఏమీ చెయ్యదు, సరే అంటుంది.
తాళం తియ్యి: ఏమీ చెయ్యదు, సరే అంటుంది.
పోగు పుట్టించు:
ఇక్కడ కుదరదని మర్యాదగా చెప్పి
ఉన్న ఒక్క గుమాస్తానే మళ్లీ పిలుస్తుంది.